కార్ల కింద ముప్పైఒక్క సినిమాలు

“పల్లంలో పోసేశారా? వాడేమన్నాడో ఉన్నదున్నట్టు మళ్లీ చెప్పమ్మా,” అన్నాడు సెడ్రిక్ ఆర్మరాడ్.

హెస్టర్ ఇంకా కారు కదపలేదు. స్టూడియో గిడ్డంగి గుమాస్తా మాటే మళ్లీ చెప్పింది. పాత సినిమాలకు సెడ్రిక్ రాసిన సంగీతం కాగితాలన్నీ ఎనిమిదేళ్ల కిందట పల్లం పూడ్చడానికి వాడేశారట. దానిమీదే కార్లు నిలిపే ఈ చోటు కట్టారట.

ఆయన తలుపు తెరిచి కిందికి చూశాడు. తారు.

“అయితే మనం నా మీదే కూర్చున్నామన్నమాట.”

హెస్టర్ బోరంవుడ్‌లో బడిపిల్లలకు వయొలిన్ నేర్పుతుంది, ఊరి వాద్యబృందాన్ని నడుపుతుంది. వచ్చే నెల ఆయనకు ఎనభై నిండుతాయి. ఒక పాత సినిమాలో రైలు ప్రయాణానికి ఆయన కట్టిన సంగీతం ఆ రోజు వాయిస్తామని మాటిచ్చింది. ఆ కాగితాల కోసమే ఇద్దరూ వచ్చారు.

ముప్పైఒక్క సినిమాలకు ఆయన గడియారం ముందు పెట్టుకునే రాశాడు. నాయిక తలుపు తీయడానికి నాలుగున్నర సెకన్లంటే నాలుగున్నరే. తెరమీద ఎవరైనా నోరు విప్పితే వేణువులు నోరు మూసుకోవాలి. ఇంత చేశాక, శబ్దాలు కలిపేవాళ్లు పైన ఇన్ని గుర్రాలో, ఇంత వానో గుమ్మరించేవారు. ఒక్కసారి కుర్చీలో తీరిగ్గా కూర్చుని, ఏ అడ్డూ లేకుండా తన సంగీతం వినాలని ఆయన ఆశ.

ఇంట్లో నకలేమైనా ఉందా అని ఆమె మెల్లగా అడిగింది. ఎక్కడిది? రికార్డింగు కాగానే కాగితాలు స్టాండ్ల మీదే వదిలి టీకి పోవాలి, అవి స్టూడియో సొత్తు. పొరపాటున సంచిలో ఇంటికొచ్చిన పుటల్ని కూడా ఆయన రెండుసార్లు బస్సెక్కి తెచ్చి అప్పగించాడట. ఆ మాట చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. అవీ ఇప్పుడు ఈ తారు కిందే ఉన్నాయి.

సినిమా చూస్తూ స్వరాలు మళ్లీ రాసుకోవచ్చు కదా అంది హెస్టర్. సగం దూరం రైలు కూతే వినిపిస్తుందనీ, దాని కింద ఏం రాశాడో తనకే గుర్తు లేదనీ అన్నాడు.

ఆయన కారు తలుపు దడాలున మూశాడు.

“లూటన్‌లో పెర్సీ గాడ్‌బీ అని ఒకడున్నాడు. మా దగ్గర బాకా ఊదేవాడు. చేతివాటం మనిషి. స్టూడియో చెంచాలు కూడా మిగల్చలేదు. వాడి బాకా వరస రాసిన కాగితం దొరికితే తక్కిన వాద్యాలవి నేను అల్లుకుంటాను.”

“ఇద్దరం వెళదాం పదండి.”

“నా ముఖం చూస్తే తలుపు తీయడు. అందరి ముందూ వాణ్ణి దొంగ అన్నాను. నువ్వు వెళ్లు తల్లీ. ఆ కాగితం కూడా కాజేశాడేమో కాస్త మర్యాదగా అడుగు.”