మేస్త్రి చేతిమీద అక్క

సీలింగు మేస్త్రికి కోపం వస్తే వీధిలో గోడలు పెచ్చులూడతాయని అంటారు. అన్నది మేస్త్రే. తన గురించి అతను అలాంటివి ఇంకా చాలా చెబుతాడు. తాను రంగు వేసిన సీలింగు కింద పడుకున్న ఒక పెద్దమనిషి అది ఆకాశమనుకుని దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నాడట. ఒక పిచ్చుకైతే దారి ఉందనుకుని పైకి ఎగిరి ఎగిరి నెత్తి బొప్పి కట్టించుకుందట. ఇందులో ముప్పాతిక వంతు కొట్టేసినా పనిమంతుడన్న మాట మాత్రం మిగులుతుంది. కానీ ఈసారి వచ్చిన కోపంలో కోత ఒక్కటీ లేదు. పదిమందీ చూసే టీవీలో అతని చేతిని నవ్వులపాలు చేశారు. అతను చెప్పిన మాటను కత్తిరించి పారేశారు. అతని మాట విన్న పాపానికి ఒక పిల్లను పోటీలోంచి ఇంటికి పంపేశారు. వీటన్నిటికీ మించి, ఆ చేతిమీద ఉన్నది అక్క మొహం.

గోడలకు రంగు వేసేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. సీలింగుకు వేసేవాళ్ళే తక్కువ. మెడ వెనక్కి విరిచి, చెయ్యి పైకెత్తి, కళ్ళలో పడే చుక్కలు తుడుచుకుంటూ రోజంతా నిలబడాలి. పైగా సీలింగుకు ముక్కు ఆనించి పనిచేసేవాడికి తన పని తనకు కనపడదు. రంగు తగలని చోటు కింద నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది. మేస్త్రికి ఆ కింది కళ్ళు అక్కవి. మీసాలు మొలవని రోజుల్లో అతను నిచ్చెన ఎక్కితే పట్టుకున్నది అక్క. లప్పం కలిపిందీ, రంగు వడగట్టిందీ, కిటికీ వైపు జానెడు వదిలేశావు, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా అని తిట్టిందీ అక్కే. ఆ తిట్లమీదే చుట్టుపక్కల సీలింగులన్నీ తెల్లబడ్డాయి.

తరవాత అక్కకు మోకాళ్ళు అరిగాయి. ఇప్పుడు మూల మలుపులో చిన్న గది అద్దెకు తీసుకుని, పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తూ, బిగుతు చొక్కాలు వదులు చేస్తూ కుట్టుమిషను దగ్గర కూర్చుంటోంది. నిచ్చెన పట్టుకోవడానికి వచ్చిన కూలీ ఒక చేత్తో నిచ్చెనా, రెండో చేత్తో ఫోనూ పట్టుకుంటాడు. సీలింగులో సగం వదిలేసినా వాడికి పట్టదు. అందుకే మేస్త్రికి ఆ ఆలోచన పుట్టింది. ఎత్తిన చెయ్యి వంక చూస్తే అక్క కనపడాలి.

ఈ ఆలోచనకు నీళ్ళు పోసి పెంచింది టీవీయే. పచ్చబొట్ల పోటీ అని వారం వారం వచ్చేది. మిషన్లు పట్టుకున్న కుర్రవాళ్ళూ ఆడపిల్లలూ గడియారంతో పందెం వేసుకుని మనుషుల ఒంటిమీద బొమ్మలు పొడుస్తారు. జడ్జీలు మార్కులు వేస్తారు. అది మొదలైతే మేస్త్రి ఇంట్లో రెండో పోటీ మొదలయ్యేది. పెళ్ళాం సోఫాలో కూర్చుని జడ్జీల కంటే ముందే మార్కులు వేసేసేది. రాత్రి కాపలా ఉద్యోగం చేసే బావ, చెరపడానికి వీల్లేని పనిని గంట మోగేలోగా చెయ్యమనే వాళ్ళకూ, చేసే వాళ్ళకూ కలిపి వైద్యం చేయించాలనేవాడు. మేస్త్రి ఒప్పుకునేవాడు కాదు. పనితనం ఎక్కడున్నా పనితనమే, రబ్బరు పెట్టి చెరిపే అవకాశం లేకుండా గీత గీసి చూడమనండి ఈ విమర్శించే పెద్దలను, అనేవాడు. అక్క మాత్రం తల ఎత్తకుండా గుండీలు కుడుతూ ఒక్క మాటతో తేల్చేసింది.

"ట్రంకుపెట్టె మీదైతే పేరు రాసుకోవాల్సిందే. ఎవరిదో మర్చిపోతాం కాబట్టి. నీ చెయ్యి నీదని నీకు గుర్తుండదట్రా?"

అందుకే మేస్త్రి అక్కకు చెప్పలేదు. చెయ్యి అప్పగించే మనుషులు కావాలని టీవీలో అడిగినప్పుడు అతని పేరు పంపింది పెళ్ళామే. మొగుడు ఎవరి మొహం పొడిపించుకుంటాడో తనకు తెలుసని ఆమె ధీమా. వెళ్ళేరోజు తన మంచి ఫోటో ఒకటి జేబులో పెట్టి మరీ పంపింది. మేస్త్రి ఆ జేబు వదిలేసి రెండో జేబులోంచి అక్క ఫోటో తీశాడు.

పోటీలో అతని చెయ్యి ఒక బక్కపలచని పిల్ల వంతుకు వచ్చింది. సన్నగీతలు గీయడంలో ఆమెకు సాటి లేరని తోటివాళ్ళే సూదిపిల్ల అని పేరు పెట్టారు. బొమ్మ గీసిన అచ్చు కాగితం ముంజేతికి అంటించబోతుంటే మేస్త్రి ఆపాడు. తల అరచేతి వైపు రావాలన్నాడు.

"అలా వద్దన్నా. చెయ్యి కిందికి వదిలేస్తే తలకిందులైపోతుంది. జడ్జీలు చెయ్యి వదిలించే చూస్తారు. మా పనిలో అది మొట్టమొదటి తప్పు కింద లెక్క."

"నా చెయ్యి కిందికి వేలాడేది నిద్రలోనే తల్లీ. తెల్లవారిన దగ్గర్నుంచి అది పైనే ఉంటుంది. పైన ఉన్నప్పుడు మా అక్క నిటారుగా ఉండాలి."

సూదిపిల్ల కాసేపు కాగితం వంక, కాసేపు అతని భుజం వంక చూసింది. లేచి నిలబడి ఒకసారి చెయ్యి ఎత్తి చూపించమంది. చూసింది. కాగితం తిప్పి అంటించింది. తాను ఓడిపోవచ్చని ఆ పిల్లకు తెలుసు. అయినా చెయ్యి ఎవరిదో వాళ్ళ మాట విన్నది. మేస్త్రి తరవాత ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ కోతలు కోసే గొంతు పక్కన పెట్టి చెప్పేవాడు.

జడ్జీల ముందు నిలబెట్టినప్పుడు అతని చేతులు రెండూ బొమ్మకు మల్లే కిందికి వేలాడదీశారు. గడ్డం జడ్జీ వచ్చాడు. చూశాడు. తల పక్కకు వాల్చాడు. ఇంకా వాల్చాడు. అందరూ నవ్వేదాకా వాల్చి, ఈవిడెవరు, చూరు పట్టుకుని వేలాడే గబ్బిలమా అని అడిగాడు. నవ్వులు పడ్డాయి. మేస్త్రి చెయ్యి పైకెత్తి, అయ్యా, నేను సీలింగు పనివాణ్ణి, నా చెయ్యి ఉండేది ఇలా, అడిగింది నేనే, ఆ అమ్మాయి వద్దనే చెప్పింది, అంటూ మొత్తం వివరంగా చెప్పాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒక మనిషి వచ్చి మర్యాదగానే అతని చెయ్యి కిందికి దించాడు. సూదిపిల్లను ఇంటికి వెళ్ళమన్నారు. వెళుతూ ఆమె, కట్టు తడవకుండా చూసుకో అన్నా, అని మాత్రం చెప్పింది.

ఇంటికి వచ్చాక పెళ్ళాం కట్టు విప్పేదాకా అది తన మొహమే అనుకుంది. విప్పాక ఇంట్లో గిన్నెలే తప్ప మనిషి చప్పుడు వినపడలేదు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని బొమ్మను అక్కకు కనపడకుండా దాచిపెట్టాడు మేస్త్రి. టీవీలో వచ్చే రోజున అక్కనూ బావనూ కుర్చీలు వేసి కూర్చోబెట్టాడు. తాను చెప్పిన మాటలు వస్తాయి, అందరికీ అర్థమవుతుంది, అక్క కళ్ళు తుడుచుకుంటుంది, తాను ఊరుకోబెడతాడు. మనసులో ఈ సినిమా చాలాసార్లు ఆడించుకున్నాడు.

వచ్చింది తలకిందుల మొహం. వచ్చింది గబ్బిలం. వచ్చాయి నవ్వులు. మేస్త్రి చెయ్యి ఎత్తడం కూడా చూపించలేదు. అతను నోరు తెరవబోయే ముందే కత్తిరించి, సూదిపిల్ల కన్నీళ్ళు చూపించి, ఆ తరవాత సబ్బు ప్రకటన వేశారు. బుద్ధిగా పనిచేసిన పిల్ల పని రానిదైపోయింది, కావాలని అడిగిన మనిషి నోరు లేనివాడైపోయాడు. మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. రిమోటు విసిరేయబోయి, కొత్తదని గుర్తొచ్చి దిండు విసిరేశాడు. అక్క లేచి, మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి వీధి వీధంతా మెడలు వాల్చడం నేర్చుకుంది. ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు అక్కను చూసి తల పక్కకు వంచి ముసిముసిగా నవ్వేవాళ్ళు. గబ్బిలం టైలర్స్ ఎక్కడ అని పనిగట్టుకుని అడిగినవాళ్ళూ ఉన్నారు. అక్క వాళ్ళ గుడ్డలు వాళ్ళ మొహాన వేసి పంపేది. మేస్త్రి వెళ్ళి పలకరిస్తే మిషను తొక్కుడు వేగం పెంచేది. ఆ చప్పుడులో అతని మాట అతనికే వినపడేది కాదు. తమ్ముడితో మాట్లాడని రోజు అక్క జీవితంలో అంతకుముందు ఒక్కటీ లేదు.

అలాంటప్పుడు టీవీ వాళ్ళు ఫోను చేశారు. చెడిపోయిన పచ్చబొట్లను బాగుచేసే ప్రత్యేక ఎపిసోడ్ తీస్తున్నారట. పోటీలో గెలిచినవాడు స్వయంగా మేస్త్రి చేతిమీద మొహం కనపడకుండా నల్లటి గద్దను వేస్తాడట. మేస్త్రికి ఒళ్ళు మండింది. చెడిపోయింది ఎవరు, చెడగొట్టింది ఎవరు అని ఫోనులోనే ఒంటికాలి మీద లేచాడు. ఆలోచించుకుని చెప్పండి సార్ అని అవతలి మనిషి చల్లగా పెట్టేశాడు. పెళ్ళాం మాత్రం వెళ్ళమంది. ఆమె కోపం అప్పటికి జాలిగా మారింది.

"గద్దైతే గద్ద. వదిన తలెత్తుకుని తిరుగుతుంది కదయ్యా. ఆవిడ పరువు కంటే నీ పంతం ఎక్కువా?"

ఆ మాట మేస్త్రికి ముల్లులా దిగింది. ఇంతకాలం తన చెయ్యి, తన మాట అని మండిపడ్డాడు. నవ్వులన్నీ భరిస్తున్నది అక్క అని అప్పుడు తట్టింది. గద్ద కింద అక్కను పూడ్చేయడానికి మనసు రావడంలేదు, వీధిలో అక్కను గబ్బిలం అనిపించడానికీ రావడంలేదు. చొక్కా చేతులు మడిచి, ఏదైతే అదవుతుందని అక్క గదికి వెళ్ళాడు. మిషను మోగుతూనే ఉంది. దాని చప్పుడు మీదుగా గద్ద సంగతంతా అరిచి చెప్పాడు. నువ్వు సరేనంటే చెరిపేయించుకుంటానన్నాడు.

మిషను ఆగింది.

"ఇప్పుడడుగుతున్నావా? మొదట్లో ఎందుకడగలేదు?"

"అడిగితే వద్దంటావని."

"వద్దనేదాన్నే. అది నా మొహం రా. నీకు నచ్చినచోట అంటించుకోవడానికి వాల్‌పేపరా? వాడెవడో గబ్బిలం అన్నాడని కాదు నా ఏడుపు. వాడు నాకెవడు? నా తమ్ముడు నన్ను ఒక్క మాట అడగలేదే అని."

మేస్త్రి తప్పేనక్కా అన్నాడు. అక్క అతని చెయ్యి పట్టుకుని లాగి, వెలుతురుకు తిప్పి, మొదటిసారి సరిగ్గా చూసింది. చెయ్యి పైకెత్తమంది. ఎత్తాడు. చాలాసేపు చూసి, ఆ టీవీవాడికి ఫోను కలపమంది. కలిపి స్పీకరు పెట్టాడు.

"ఏం నాయనా, నేను ఆ చేతిమీది మనిషిని. నా మొహాన్ని చెరపాలంటే నన్నడగాలని మీకెవరికీ తట్టలేదా? వీడికి తట్టలేదంటే బుద్ధి తక్కువ, మీకేమైంది? సరే, వస్తాం. మొన్న మా వాడు చెప్పిన మాటలు కత్తిరించారు చూడు, అవి ముందు వెయ్యండి. ఆ పిల్ల వద్దన్నదనీ, వీడే పట్టుబట్టాడనీ జనానికి తెలియాలి. అప్పుడు మీ గద్ద సంగతి చూద్దాం."

పైవాళ్ళను అడిగి చెబుతాను మేడమ్ అన్నాడతను. పైవాళ్ళు ఇంకా పైన ఎవరినైనా అడుగుతున్నారేమో, ఆ ఫోను మళ్ళీ రాలేదు. వేరే ఎవరి వీపుమీదో గద్దను వేసేశారు. కత్తిరించిన మాటలు కత్తిరించినట్టే ఉండిపోయాయి. రంగు వేసే ప్రతి ఇంట్లోనూ మేస్త్రి నిచ్చెన మీదనుంచి ఇంటివాళ్ళకు ఆ మాటలు మొత్తం వినిపిస్తాడు, ఇప్పటికీ అదే మంటతో. తప్పించుకుపోదామన్నా గదినిండా రంగు డబ్బాలుంటాయి కనక వాళ్ళు వినక తప్పదు.

చర్మం పూర్తిగా మానిందని తెలిశాక అక్కే ఒక సాయంత్రం తమ్ముణ్ణి బయల్దేరదీసింది. పచ్చబొట్లంటే అభిప్రాయం ఏమైనా మారిందా అని మేస్త్రి ఆశగా అడిగితే, మారలేదు, పెట్టెలకే బాగుంటాయంది. సూదిపిల్ల దుకాణం మందుల షాపు మేడమీద ఉంది. టీవీలో ఓడిపోయినప్పటి నుంచి వచ్చేవాళ్ళు తగ్గారు. వచ్చినా, మాది తిన్నగా వేస్తావుగా అని వెక్కిరించేవాళ్ళే ఎక్కువ. అక్క మెట్లెక్కి, ఊపిరి తీసుకుని, ఆ పిల్ల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మాయ్, నువ్వు చేసిన తప్పేంటో నేను చెబుతాను. తల అటు పెట్టావా ఇటు పెట్టావా అని కాదు. నా ముక్కు అంత లావు ఎక్కడుంది? ఆ ఫోటో నాకు జలుబు చేసినప్పటిది. చూసి దిద్దు."

సూదిపిల్ల మొదట బిత్తరపోయి, తరవాత దీపం జరిపి అక్క మొహాన్ని ఈ చెంప నుంచి ఆ చెంపదాకా పరీక్షగా చూసింది. ముక్కు సన్నం చెయ్యడం కుదరదమ్మా, వేసింది తీయలేం, పక్కన నీడ వేస్తే సన్నగా కనపడుతుంది అంది. కళ్ళకింద గీతలు కూడా వెయ్యమంటారా అని మెల్లగా అడిగింది. అవెక్కడున్నాయి అని అక్క గుడ్లురిమింది. ఆ తరవాత అద్దం అడిగి తీసుకుని, చూసుకుని, ఒక్కటి వెయ్యి, ఎడమ కన్ను కింద, మరీ లోతుగా వద్దు అని ఒప్పుకుంది.

మిషను మొదలైంది. మేస్త్రి చెయ్యి బల్లమీద చాపి, ఆ గడ్డం జడ్జీ ఎప్పుడైనా ఇంటికి రంగు వేయించుకోకపోతాడా, అప్పుడు వాడి సీలింగు మీద ఏం వేస్తానో చూడండి అంటూ ఊగిపోతూ మొదలుపెట్టాడు.

"నోరు మూసుకోరా," అంది అక్క. "నా మొహం కదులుతోంది."