చెవి సారు, గొంతు సారు

ఇంటర్నెట్టు ఫోను తీగలోంచి కీచుమంటూ, గరగరమంటూ, గొంతు సవరించుకుంటూ ఇంట్లోకి వచ్చే కాలం ఒకటుండేది. కంప్యూటరు చెప్పదలచుకున్నదాన్ని చప్పుడుగా మార్చి తీగ మీదకు పంపి, అవతలి కొసన ఆ చప్పుణ్ణి మళ్ళీ అక్షరాలుగా మార్చే పెట్టెను మోడెం అనేవారు. అలాంటి పెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, హైదరాబాదులో, నా మొదటి ఉద్యోగం. చేరిన కొత్తలో నేను మహా తెలివైనదాన్నని నాకు గట్టి నమ్మకం. ఎవరినైనా సరే, ఒక పూట చూస్తే చాలు, మనిషి ఎలాంటివాడో తేల్చి చెప్పేసేదాన్ని (ఎవరూ అడక్కపోయినా సరే).

మా విభాగానికి ఇద్దరు పెద్దలు. ఒకాయన చప్పుళ్ళను అంకెలుగా మార్చి, అందులోంచి పనికొచ్చేదాన్ని ఉంచి పనికిరానిదాన్ని వడగట్టే విద్యలో, అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగులో, దిట్ట. హెడ్‌ఫోను తగిలించుకుని కళ్ళు మూసుకుంటే చాలు, లైనుకు ఏం జబ్బు చేసిందో చెప్పేస్తారని పేరు. అందుకే ఆయన మాకు చెవి సారు (ఆయన లేనప్పుడు లెండి). రెండో ఆయన మోడెం నిపుణుడు. మాతో మామూలుగానే మాట్లాడేవారు గానీ, చెవి సారు ఎదురుపడితే మాత్రం కింది క్యాంటీను దాకా వినిపించేలా అరిచేవారు. "మీ ఫిల్టరు తప్పండీ!" అని ఈయన, "మీ మోడెమే తప్పు!" అని ఆయన. ఈయన గొంతు సారు. ఇద్దరి మధ్యా పాత పగ ఉందని మా కుర్రకారు తేల్చేశాం. నేను చెవి సారు పక్షం చేరాను. గొంతు సారు పలకరిస్తే, న్యాయం వైపు నిలబడ్డానన్న గర్వంతో, ముక్తసరిగా జవాబిచ్చేదాన్ని.

మా కొత్త మోడెం ఆఫీసులో బంగారంలా పనిచేసేది. కానీ యజమాని ఒకటే మాటన్నారు, ఊళ్ళలోని పాడు లైన్ల మీద నిలబడితేనే విభాగం ఉంటుంది, లేకపోతే మూసేస్తానని. పాడు లైను ఎక్కడుందా అని పెద్దలు ఆలోచిస్తుంటే నేను చెయ్యెత్తాను. "నర్సీపట్నంలో, మా ఇంట్లో ఉందండీ" అన్నాను. అది గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి కాదని అప్పుడు తోచలేదు. ఏజెన్సీ కొండల మీద మబ్బు పట్టిందంటే మా ఫోనులో పప్పులు వేగేవి. మా నాన్న అవతలివాళ్ళకు పేరు చెప్పేసరికే సగం ప్రాణం పోయేది.

అలా ఇద్దరు పెద్దల్నీ, నాలుగు పరికరాల పెట్టెల్నీ వెంటబెట్టుకుని ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి, ఆటోలో ఇంటికి చేరాను. మా మామ్మ వాళ్ళిద్దరినీ ఎగాదిగా చూసి నన్ను వంటింట్లోకి లాగింది. మామ్మకు చెవుడు. తను గుసగుసలాడుతున్నానని అనుకుంటుంది గానీ వీధంతా వినిపిస్తుంది.

"ఈళ్ళలో పెళ్ళికొడుకు తండ్రి ఎవులే?"

"పెళ్ళిచూపులు కావు మామ్మా, ఫోను చూడ్డానికొచ్చారు" అని నేను అరిచాను.

"ఫోను సూడ్డానికి ఇంతమందేటే? మన లైన్‌మేనొక్కడే వస్తాడు కదా!"

వరండాలో గొంతు సారు మీసాల్లో నవ్వుకున్నారు. చెవి సారు మాత్రం ఏమీ విననట్టే తీగలు విప్పుకుంటున్నారు. ఎంత సంస్కారం అనుకున్నాను.

పరీక్ష మొదలైంది. మోడెం హైదరాబాదుతో కలిసేది, కాసేపు మాట్లాడేది, ఠక్కున తెగిపోయేది. ఎన్నిసార్లు కలిపినా అంతే. చెవి సారు హెడ్‌ఫోను పెట్టుకుని చాలాసేపు విన్నారు. "లైను శుభ్రంగా ఉంది. తప్పు మోడెంలోనే" అన్నారు.

"లైనులో చప్పుళ్ళన్నీ గీతల్లా కనబడతాయి, ఒకసారి తెర మీద చూద్దామండీ!" అని గొంతు సారు అరిచారు.

"నా చెవులుండగా తెర దేనికి?"

నేను రెండో హెడ్‌ఫోను తీసి పెట్టుకున్నాను. గరగర వెనకాల, దోమ పాడినట్టు, సన్నగా ఒక ఈల. స్పష్టంగా ఉంది. లైను శుభ్రంగా లేదు. గొంతు సారు వైపు చూశాను. ఆయనా విన్నారని ఆ ముఖమే చెబుతోంది. ఇప్పుడు ఇల్లెగిరిపోయేలా అరుస్తారని ఎదురుచూశాను. ఆయన తల తిప్పుకుని, కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నారు. నాకేమీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మామ్మ పనసపొట్టు కూర గిన్నె పట్టుకుని చెవి సారు ముందు నిలబడింది. "కూర ఇంకాస్త ఏయమంటారా?" అంది. ఆయన నవ్వి, "అవునండీ, మాది తెనాలేనండీ" అన్నారు. మామ్మకు ఆ జవాబు వినపడి ఉండదు. కానీ ఆ నవ్వు చూసింది. తన పెదాల మీద నిలిచిన ఆయన చూపు చూసింది. గిన్నె కింద పెట్టి, ఆయన ఎదురుగా కూలబడి, వీధికి వినిపించే ఆ గుసగుసతో అడిగింది.

"బాబూ, నీకూ ఇనపడదా?"

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"సిగ్గెందుకయ్యా? నానూ ఇలాగే నవ్వీదాన్ని. ఎవరేటన్నా ఆఁ ఆఁ అనీదాన్ని. మా ఆడపడుసు మొగుడు పోయాడని కబురు సెప్తే నవ్వీసినాను. ఇక దాసుకోడం నా వల్ల కాలేదు."

ఎవరికీ నవ్వు రాలేదు. చెవి సారు కంచంలోకి చూస్తూ మెతుకులు కలిపారు. "సన్నటి చప్పుళ్ళు పోయాయండీ" అన్నారు. "ముందు అవే పోయాయి. తర్వాత మాటలు. ఈ చెవుల వల్లే కదా నాకింత పేరు. అవి లేవని తెలిస్తే ఇంకెందుకు పనికొస్తానని..." అంటూ గొంతు సారు వైపు తిరిగారు. "మీకు తెలుసా?"

"తెలుసు" అన్నారు గొంతు సారు మెల్లగా. చెవి సారుతో ఆయన అంత నెమ్మదిగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

"ఏమన్నారు?"

"తెలుసండీ!" అని అరిచారాయన. "లేకపోతే ఇన్నాళ్ళూ నేనెందుకు అరుస్తున్నాననుకున్నారు? ఊరికే గట్టిగా మాట్లాడితే నలుగురూ ఎందుకని అడుగుతారు. పోట్లాటైతే ఎవరూ అడగరు కదండీ!"

చెవి సారు ఎడమచేత్తో కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. మామ్మకు ఇందులో ఎంత వినిపించిందో తెలీదు. "బేగి తినండి బాబూ, కూర సల్లారిపోతంది" అంటూ ఇద్దరికీ వడ్డించింది.

చేతులు కడుక్కుని వచ్చి, చెవి సారే తెర ఆన్ చేశారు. "ఈల విన్నావా అమ్మా? ఎలా ఉంది, వేసి చూపించు" అన్నారు. వేశాను. "ఆడపిల్ల ఈలేయడమేటే!" అని మామ్మ (అది మాత్రం వినపడింది). తెర మీద గడ్డి మధ్య మేకులా ఒక గీత నిటారుగా నిలబడి ఉంది. ఆయన దాన్ని వేలితో తాకి, "కనిపిస్తోంది" అన్నారు. గొంతు సారు ఇల్లంతా వెతికి, ఫోను పక్కన ఛార్జింగు పెట్టిన ఎమర్జెన్సీ లైటు ప్లగ్గు పీకారు. గీత మాయమైంది. సమస్య తీరిందని నేను చప్పట్లు కొట్టాను. "ఊళ్ళో అందరి ఇళ్ళలో దీపాలు పీకుతామా?" అని చెవి సారు ప్లగ్గు మళ్ళీ పెట్టించి, ఆ ఒక్క ఈలను మాత్రమే తుడిచేసే ఫిల్టరు రాయడానికి కూర్చున్నారు. గొంతు సారు పక్కనే కూర్చుని, అరుస్తూ, తప్పులు చూశారు. పొద్దు వాలేవేళ కొండల వైపు నుంచి వాన దిగింది. ఫోనులో పప్పులు వేగడం మొదలైంది. మోడెం మాత్రం తెగలేదు. వాళ్ళిద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకోలేదు, ఏమీ లేదు. టీ అడిగారు, అంతే.

విభాగం నిలబడింది, బ్రాడ్‌బ్యాండు వచ్చి మోడెంలను అటకెక్కించేదాకా. చెవి సారు వినికిడి యంత్రం కొనుక్కున్నారు. "లోపలున్నదంతా మన విద్యే, కానీ ఈ ఫిల్టరు రాసినవాడెవడో ఒట్టి బద్ధకస్తుడు" అని అందరికీ దాన్ని తీసి చూపించి మరీ తిట్టేవారు. అరవాల్సిన పని లేక గొంతు సారు గొంతు దిగింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి మెల్లగా మాట్లాడుకుంటుంటే, ఆ ఏడాది కొత్తగా చేరిన కుర్రాడొకడు నా దగ్గరకొచ్చి, "మేడమ్, వీళ్ళు మనమీద ఏదో కుట్ర చేస్తున్నారు కదూ?" అన్నాడు.

ఇప్పుడు నాకు వాళ్ళ వయసు దగ్గరపడింది. ఆఫీసులో నేను నడిచివస్తుంటే కుర్రకారు గబుక్కున మాటలాపి తలలు వంచుకుంటారు. నా గురించి ఏదో ఒకటి తేల్చేసే ఉంటారు. అదేమిటో అడగాలనిపిస్తుంది గానీ అడగను. నా సీట్లో కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, కాస్త నవ్వుకుంటాను.