వెనక నుంచి తాకకూడదు

మా పాపకు పుట్టుకతోనే వినపడదు. సైగలతోనే పోట్లాడుకుంటాం, సైగలతోనే నవ్వుకుంటాం. ఆ చెవులకూ గుండెకూ సంబంధం ఉంటుందని నాకు కలలో కూడా తెలీదు.

పోయిన వేసవిలో పులివెందులలో, మా అమ్మ వాళ్ళ వాకిట్లో మేకపిల్లను తరుముతూ పాప ఉన్నట్టుండి బొక్కబోర్లా పడింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి.

"బీగంచెవులు తేపో! ఇనుము చేతిలో పెడితే ఫిట్సు నిలిచిపోతాది" అని అమ్మ అరిచింది.

తాళాల గుత్తి తెచ్చి ఆ చిన్న గుప్పిట్లో కుక్కాను. కాసేపటికి కళ్ళు తెరిచింది.

"చూస్తివా! ఊరికే ఆస్పత్రి, ఆస్పత్రని ఎగబడ్తాండావు" అంది అమ్మ.

తర్వాత ప్రొద్దుటూరులో మా ఇంట్లో, మా ఆయన సరదాగా వెనక నుంచి పాపను ఎత్తుకున్నాడు. ఆ చేతుల్లోనే వాలిపోయింది. ఈసారి ఆస్పత్రికి పరిగెత్తాం.

డాక్టరమ్మ ఈసీజీ కాగితం చూసి, "మీది మేనరికమా?" అని అడిగింది.

"ఈయన మా అమ్మ తమ్ముడే మేడం."

నేను పాపతో సైగ చేయడం చూసి, "పాపకు వినపడదని ముందే చెప్పొద్దా?" అంది.

"గుండెకు చెవులతో ఏం పని మేడం?"

ఆమె ఓపిగ్గా చెప్పింది. గుండె కణాలకు కంటికి కనపడనంత చిన్న దారులుంటాయట. కొట్టుకున్న ప్రతిసారీ వాటిలోంచి పొటాషియం బయటికి పోతేనే గుండె మళ్ళీ సిద్ధమవుతుందట. ఆ దారిని కట్టే జన్యువు పాపకు చెడిపోయిందట. లోపలి చెవిలోనూ అదే దారి. మా ఇద్దరిలో ఒక్కొక్కరికీ ఆ జన్యువు చెడ్డదొకటి, మంచిదొకటి ఉన్నాయి కాబట్టి మాకు వినపడుతోంది. పాపకు రెండూ చెడ్డవే వచ్చాయి. అది ఫిట్సు కాదు, గుండె లయ తప్పడం.

"మాత్ర ఒక్కపూట కూడా మానొద్దు. పరుగులు వద్దు. ఉలిక్కిపడనివ్వొద్దు. మళ్ళీ అట్లా పడితే ప్రాణానికే ప్రమాదం."

బయటికొచ్చాక మా ఆయన గోడకు ఆనుకుని, "నా చేతుల్లోనే గదే వాలిపాయ" అన్నాడు.

"ఊరుకో మామా. మేకపిల్లను గూడా నువ్వే తోల్తివా?" అన్నాను.

మొన్న జమ్మలమడుగులో చుట్టాలింటికి పోతే, వీధిలో పిల్లలతో కలిసి పాప పరుగందుకుంది. పిలిస్తే వినపడదు. వెనక నుంచి పట్టుకుంటే ఉలిక్కిపడుతుంది. పక్క సందులోంచి పడుతూ లేస్తూ పోయి, మలుపుకు ముందే ఆగి, ఊపిరి బిగబట్టి, నవ్వు ముఖం పెట్టుకుని ఎదురుగా నిదానంగా నడిచాను. చేతులు చాచాను.

వచ్చి నా మీద పడింది. ఆ ఎదకు చెవి ఆనించి వింటూ నిలబడ్డాను. నా గుండె దడలో దాని గుండె ఎంతకూ వినపడలేదు.

విసుగొచ్చి అదే నా తలను తోసేసి, 'ఏంది?' అని చెయ్యి తిప్పింది.