గోడ తీసిన మావయ్య

బర్మాలో, ఈ పజుండౌంగ్‌ పేటలో, మా వెనక వాటాలో ఉండే వడ్రంగి మావయ్య మొన్న మంగళవారం పోయారు. తొంభై దాటాయి. టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్నారట. అంతే.

ఆ ఇల్లు ఎవరో ఇంగ్లీషు కలప వ్యాపారి కట్టించుకున్నది. కింద ఇటుక, పైన టేకు. చెమటలు కారే ఈ ఊళ్ళో కూడా ఆయన చలిమంట గూడు పెట్టించుకున్నాడు! తరవాతెవరో వరండా మూశారు, ఇంకెవరో గుర్రపుశాలను వంటిల్లు చేశారు. మా కాలానికి డాన్సు హాలు వరసగా మూడు వాటాలైంది, మధ్యది మాది. చలిమంట గూట్లో మా అమ్మ దేవుళ్ళను పెట్టింది. మధ్య చెక్కగోడలు మావయ్య చేతివే. బయటి సరుకేదీ దేశంలోకి రాని ఆ రోజుల్లో, వంకరపోయిన పాత మేకులు సాగగొట్టి బిగించారు.

నాకు పదకొండేళ్ళప్పుడు సైనిక పాలన వద్దంటూ జనం వీధుల్లోకి వచ్చారు. వెనకాలే కాల్పులు మొదలయ్యాయి. నుయ్యి మావయ్య వాటా వెనక ఉంది. మేం వీధిలోంచి చుట్టి వెళ్ళాలి. వీధిలో సైనికులు. రెండో రోజుకి మా కుండ ఖాళీ. ముందు వాటాలో ఒంటరిగా ఉండే బర్మా టీచరమ్మ, మేం సెయామా అని పిలిచే ఆవిడ, మంచినీళ్ళ కోసం మా గోడ తట్టింది.

అంతలో వెనకగోడ కిర్రుమంది. ఒక చెక్క ఊడింది. సందులో మావయ్య ముఖం.

"ఏటన్నయ్యా, గోడ పీకేత్తన్నావు?" అంది అమ్మ.

"ఎట్టినోన్ని నానే కదమ్మా. నీల్లిటున్నాయి, మీరటున్నారు. మద్దిన ఈ సెక్కెందుకు?"

ఒక్కో చెక్కకీ సుద్దముక్కతో అంకె వేసి రెండు గోడలూ తీసేశారు. పైకప్పు లోపలివైపు సున్నంతో తీర్చిన పూలదండను మూడు ముక్కలుగా తప్ప ఎరగని మేం, అది గుండ్రమని ఆ రోజే చూశాం. ఆరు రోజులు ఒకే పొయ్యి. బయట తుపాకులు పేలుతుంటే సెయామా మాచేత ఎక్కాలు చదివించేది. భయపడ్డాం, నిజమే. కానీ అంత బాగా మళ్ళీ ఎప్పుడూ ఉండలేదేమో.

వీధి సద్దుమణిగాక, గోడలు మళ్ళీ కావాలని అడగడానికి అమ్మ మొహమాటపడింది.

"సిగ్గెందుకమ్మా? ఎవులిల్లు ఆలకి ఉండాల," అంటూ అంకెల వరసన చెక్కలన్నీ బిగించారాయన. అయితే ఈసారి ఒక్కో గోడకీ ఒక తలుపు పెట్టారు.

"గొల్లెం రెండేపులా ఎట్టినాను. ఏసుకుంటారో మానేత్తారో మీ ఇస్టం."

మర్నాడు పొద్దున్నే ముందు గోడ తలుపు తోసుకుని సెయామా వచ్చింది, చేతిలో పొగలు కక్కే మొహింగా గిన్నెతో. చేపల పులుసు పోసిన సేమియా అది. వెనక తలుపు అప్పటికే బార్లా తీసి ఉంది. మావయ్య దాని పక్కన గొంతుక్కూర్చుని, కోడీకతో కొబ్బరినూనె తీసి మడతబందుకు రాస్తున్నారు.