మామ వాన సెలవు

ఈ పొద్దున మా మనవడు బడికి పోయినట్టే పోయి తిరిగొచ్చాడు. వాన కదా, సెలవిచ్చేశారట. వాడు పలక అరుగు మీద పడేసి గంతులు వేస్తుంటే నాకు మా మేనమామ గుర్తొచ్చాడు. వానకు సెలవిస్తారని నేను మొదట విన్నది ఆయన నోటనే.

అది ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువు. ఆత్మకూరు వాడైన మామ అంతకు మునుపే ఓడెక్కి బర్మా దేశం, రంగం పోయి, అక్కడి అడవుల్లో దుంగలు కోసే పనిలో చేరాడు. వానాకాలమంతా అక్కడ కోత ఆపేస్తారట. ఆ సెలవులో మా అక్కను పెళ్లాడి వెంట తీసుకుపోదామని మా ఉదయగిరికి వచ్చాడు, చంకలో నల్లగుడ్డ గొడుగుతో. చుక్క వాన లేని ఊళ్లోకి గొడుగు తెచ్చిన మనిషిని చూడ్డానికి వీధంతా చేరింది. పాపం, ఆయనకు దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. సాయంత్రాలు మామ అక్కడి సంగతులు చెప్పేవాడు. చెట్ల కింద పట్టపగలే చీకటట, ఆరేసిన పంచె ఎన్నాళ్లకీ ఆరదట, పడుకునే చాపకు బూజు, కాళ్లకు జలగలు. "వాన ఎప్పుడు తెరిపిస్తాదా అని మొక్కుకుంటాం మేము" అన్నాడొకసారి. అమ్మ నీళ్లకుండ మీద మూత సర్ది లోపలికి పోయింది. అక్క మాత్రం తలుపు వెనక నిలబడి, గంజి లేని పూట కూడా, జలగల కథ మళ్లీ చెప్పమని అడగవే అంటూ నన్ను గిల్లేది.

నాయన పట్టుదల నాయనది. "ఆకులో మెతుకు లేకుండా పెళ్లేందిరా? ఒక్క వాన పడనీ, చేసేస్తా" అన్నాడు. మామ కాళ్లావేళ్లా పడ్డాడు. "ఆడ వాన నిలిస్తే నా సెలవు అయిపోతాది బావా. పప్పన్నం వద్దు, పసుపుతాడు చాలు." నాయన కదల్లేదు. చెడ్డవాడు కాదు, పదిమందికి పెట్టకపోతే పరువు పోతుందనుకున్నాడు. ఆ ఏడు పరువు ఎవరి కడుపు నింపిందో నాకిప్పటికీ అర్థం కాదు. అక్కడ వాన ఆగకూడదు, ఇక్కడ వాన రావాలి. రెండూ మా చేతుల్లో లేవు. మామ పొద్దున లేస్తూనే తూర్పుకేసి చూసేవాడు.

సెలవు అయిపోయింది. పోయేనాడు గొడుగు అక్క చేతికిచ్చి, "మొదటి వానకు ఇప్పి చూడు మే. కబురు చెయ్యండి, వచ్చి వాలతా" అన్నాడు. అక్క దాన్ని ఎండకు కూడా విప్పలేదు. నెల తిరక్కుండా జ్వరంతో పోయింది. కొండ కింద పూడ్చి వచ్చిన వారానికి వాన దిగింది. నాయన గొడుగు తీసుకుని అక్కడికి పోయాడు. దాన్ని విప్పి ఆ మట్టి మీద పట్టి, తను తడుస్తూ నిలబడ్డాడు. రంగానికి ఏమని కబురు చేయాలో మాలో ఎవరికీ తోచలేదు.

బయట వాన జోరందుకుంది. "రేపూ సెలవేనా అవ్వా?" అని మనవడు ఆశగా అడుగుతున్నాడు. ఇన్నేళ్లలో ఎన్ని వానలు వచ్చి పోయాయో. వాటిలో ఒక్కటి, ఒకే ఒక్కటి, రెండు నెలలు ముందొచ్చి ఉంటే!