తలుపులమ్మ ఎర్ర నాజిల్

తలుపులమ్మది దురుసు నోరు. అందరికీ తెలిసిందే. కానీ ఇరవై ఎకరాల ఆసామిని, ఆయన వాకిట్లోనే, ఆయన భార్య ఎదురుగానే ఈ చెంపా ఆ చెంపా వాయించిందంటే ఎవరు నమ్ముతారండి? నమ్మండి. వాయించింది.

ఆవిడది ఉప్పాడ. సముద్రం ఇంటిని మింగేశాక మొగుడు పల్లంరాజుతో పాలకొల్లు వైపు వచ్చేసి, ట్రాలీ ఆటోలో నీళ్ళు జోరుగా చిమ్మే ప్రెషర్ వాషర్ పెట్టుకుని ఇళ్ళ గోడలు కడిగే పని పట్టుకుంది. వానలు వెనకబట్టాక పాచిపట్టి నల్లబడ్డ గోడలకి ఇక్కడ కొదవేముంది? ఆటో తోలేదీ ఆవిడే, గోడ కడిగేదీ ఆవిడే. పల్లంరాజుకి కుడిచెయ్యి మోచేతి దాకానే ఉంది మరి.

ఏ ఇంటికెళ్ళినా ముందు ఓ అరటి బోదె తెప్పిస్తుంది. ఇంటివాళ్ళని నిలబెట్టి నీళ్ళ గన్ను మూతికి ఒక్కో రంగు నాజిలూ తగిలించి దానిమీద కొట్టి చూపిస్తుంది. తెల్లదానికి బోదె తడుస్తుందంతే; రంగేసిన గోడకీ చెక్కకీ అదే. ఆకుపచ్చదానికి పైపొర కందుతుంది. అది ఒట్టి సిమెంటు గోడకి. పసుపుదానికి పొర చీరుకుపోతుంది, గచ్చుకి తప్ప వాడదు. ఇక ఎర్రది పెట్టిందా, సన్నటి నీటితీగ ఇటు దూరి అటు తేలుతుంది.

"ఇది తుప్పుపట్టిన ఇనుముకేనండి. గోడకి పెడితే గోడ పోద్ది, మనిషికి పెడితే మనిషి పోతాడు. ఆయ్, నవ్వులాట కాదండి," అంటుంది.

మురళీకృష్ణగారు మాత్రం నవ్వారు. ఇరవై ఎకరాల ఆసామి ఈయనే. తలుపులమ్మ నాజిళ్ళు డబ్బాలో పెట్టి, దింపిన మిషను వాకిట్లోనే ఉంచి, గేటు అవతల అడ్డంగా ఉన్న ఆటోని పక్కకి తీయడానికి వెళ్ళింది. ఈలోగా ఆయన సన్‌షేడ్ కింద మొండి పాచి చూశారు. బోదెని చీల్చినదానికి ఈ పాచి ఒక లెక్కా అనుకుని, డబ్బాలోంచి ఎర్రది తీసి తగిలించేశారు.

అంతటితో ఆగినా బావుండేది! పొలంలో మోటారు వెయ్యగానే రైతన్నవాడు ఏం చేస్తాడు? ధార ఎలా పడుతోందో చూడటానికి పైపు మూతి దగ్గర చెయ్యి పెడతాడు. ముప్ఫై ఏళ్ళుగా అలవాటైపోయిన పని. ఎడమచేత్తో గన్ను నొక్కి, కుడి అరచెయ్యి అడ్డం పెట్టారు.

ఆ కేకకి తలుపులమ్మ పరిగెత్తుకొచ్చింది. అరచేతిలో ఆవగింజంత చిల్లు. రెండు బొట్లు రక్తం.

"ఓస్, ఇంతేనా!" అన్నారాయన. భార్య వెంకటదుర్గగారు వంటింట్లోంచి పసుపు తెచ్చి అద్దారు.

ఆ పసుపు చూసేసరికి తలుపులమ్మకి మొగుడి చెయ్యి గుర్తొచ్చింది. ఉప్పాడలో బోటు అడుగున అంటుకున్న గుల్లలు ఇదే ఎర్ర నాజిల్‌తో కొడుతూ పల్లంరాజు చేతికి తగిలించుకున్నదీ ఇంతే చిల్లు. ఆ రోజు పసుపు పెట్టింది తనే. నొప్పికి యానాం బ్రాందీ పోసి పడుకోబెట్టిందీ తనే. తెల్లారేసరికి చెయ్యి నల్లగా ఉబ్బిపోయింది. "పైకి చిల్లేనమ్మా, లోపల నీళ్ళు కండని చీల్చుకుంటూ పోయాయి. వెంటనే తెస్తే చెయ్యి దక్కేది," అన్నాడు డాక్టరు. ఆ మాట ఇప్పటికీ ఆవిడని నిద్రపోనివ్వదు.

"బాబుగారండి, మీకు దణ్ణం పెడతాను. ఇప్పుడే ఆసుపత్రికి పదండి. లోపల కుళ్ళిపోద్దండి."

"ఈ చిల్లుకి ఆసుపత్రా? పిచ్చా నీకు? పని చూసుకో."

"చెయ్యి పోద్దండి!"

"నోర్ముయ్! నా చెయ్యి సంగతి నువ్వు చెప్పేదేంటి?"

లోపలికెళ్ళి తలుపేసుకున్నారు. కిటికీ పట్టుకుని బతిమాలింది. కాళ్ళు పట్టుకుంటానంది. ఆయన ఫ్యాను వేసుకుని అటు తిరిగి పడుకున్నారు.

ఇక ఆవిడకి ఒళ్ళు తెలియలేదు. గన్ను అందుకుని, ఆ ఎర్ర నాజిల్‌తోనే ఆయన టేకు సింహద్వారం మీద కొట్టింది. చెక్క పేళ్ళుపేళ్ళుగా లేచింది. తలుపు మీద చెక్కించుకున్న హంస తల ఎగిరి వాకిట్లో పడింది. "ఓసి నిన్నూ!" అంటూ ఆయన బయటికి దూకారు. ఆవిడకి కావలసిందదే. గన్ను పారేసి కాలరు పట్టుకుంది. ఆయన ఎడమచేత్తో ఒక్కటిస్తే పెదవి చిట్లి నోరంతా రక్తమైంది. ఆవిడ రెండు చెంపలూ వాయించింది. డొక్కలో తన్నారు. వదల్లేదు, జుట్టు పట్టి మెట్లమీంచి ఈడ్చింది. వెంకటదుర్గగారు చీపురు తిరగేసి ఆవిడ వీపు మీద బాదుతున్నారు.

"నన్ను తర్వాత చంపుదురుగాని అమ్మగారండి! ముందు ఆ వేళ్ళు చూడండి!"

చూశారావిడ. వేళ్ళు ఉబ్బి, పాలిపోయి, బిగుసుకుని ఉన్నాయి. పట్టుకుంటే చల్లగా తగిలాయి. చీపురు అక్కడే పడేసి, మొగుణ్ణి నడుం పట్టుకుని ఆటోలోకి తోసి, లేవకుండా మీద కూర్చున్నారు. "జైల్లో పెట్టిస్తానే నిన్ను!" అని ఆయన దారంతా అరుస్తూనే ఉన్నారు. తలుపులమ్మ రక్తం ఉమ్ముకుంటూ భీమవరం దాకా తోలింది.

డాక్టర్లు అరచేతినుంచి మణికట్టు పైదాకా కోసి తెరిచి లోపలంతా కడిగారు. రెండుసార్లు.

రెండు నెలలకి పోలీసు స్టేషన్ నుంచి కబురొచ్చింది. ఎస్సై ఫిర్యాదు కాగితం ముందు పెట్టాడు. ఇంటిమీద పడింది, తలుపు పాడుచేసింది, నలుగురిలో కొట్టి అవమానించింది. కింద సంతకం.

"ఈ సంతకం ఎవరు చేశారండి?" అంది.

"మురళీకృష్ణగారే. నా ముందే చేశారు."

"ఏ చేత్తోనండి?"

ఎస్సై చిరాగ్గా చూశాడు. "కుడిచేత్తో. అయితే ఏంటి?"

తలుపులమ్మ ఆ బల్ల పట్టుకుని భోరుమని ఏడ్చింది. జైలుకి భయపడిందనుకుని కానిస్టేబులు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.