భాగ్యలక్ష్మి కుదిర్చిన చేపలు

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే జయరాం ఇంట్లోకి ఉల్లిపాయ రావడమే కష్టం. అలాంటి ఇంటి హాల్లోకి అతని భార్య భాగ్యలక్ష్మి చేపల తొట్టి తెచ్చిపెట్టింది. ఇవి వంటింటికి కాదు, చూసుకోవడానికేనని అత్త ఉమాదేవికి నచ్చజెప్పేసరికి భాగ్యలక్ష్మికి తల ప్రాణం తోకకొచ్చింది. పెళ్లయినప్పటి నుంచి తనకంటూ ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. అందుకే అంత పట్టు.

మొదటిసారి ఆమె చేపలను ఎంచిన తీరు తలచుకుంటే నవ్వొస్తుంది. చీరల కొట్టుకు వెళ్లినట్టు రంగులు చూసింది. ఒంటరిగా ఉంటే పాపమని ప్రతి రకంలోనూ ఒక జంటను ఏరింది. రెండు గోల్డ్‌ఫిష్, రెండు ఏంజెల్, రెండు నల్లచారల టైగర్ బార్బ్. చక్కగా కాపురాలు చేసుకుంటాయనుకుంది. వారం తిరక్కుండానే ఆ చారల జంట ఏంజెల్ రెక్కలను పీలికలు చేసింది. ఒకటి చచ్చి తేలింది. పూజ ముగించుకుని వచ్చిన ఉమాదేవి కంట్లోనే అది పడాలా!

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఒక ప్రాణి ఇంకో ప్రాణిని కొరికి సంపేది నేను సూడలేను. ఇంకొక్కసారి ఇట్లయితే తొట్టి బయటికి పోవాల" అంది.

భాగ్యలక్ష్మికి ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. మిగిలిన చేపలను పట్టుకుని, అవి అమ్మిన కళ్యాణ్ దగ్గరికి వెళ్లింది. చారల చేపలు గుంపులో బతికేవని, గుంపు ఉంటే వాటి తగువు వాటిలోనే తీరిపోతుందని, రెండే ఉంటే పక్కవాటి మీద పడతాయని అతడు చెప్పాడు. ముందే చెప్పొచ్చు కదా అని ఆమె నిలదీసింది. జంటలే కావాలని పట్టుబట్టింది మీరేనని అతడు గుర్తుచేశాడు. ఆ చేపలన్నీ అతడికే తిరిగిచ్చేసింది.

అప్పటి నుంచి రంగులు పక్కనపెట్టి, సంబంధం చూసే పెద్దమనిషిలా ఆరాలు తీసింది. పెరిగితే ఎంతవుతుంది? గుణం ఎలాంటిది? ఏ నీళ్లు పడతాయి? వాళ్ల బోరు నీళ్లు బిందె అడుగున సున్నంలా పొర కడతాయి. మిలమిలలాడే నియాన్ చేపలకు అవి సరిపడవని తెలిసి, మనసు పీకుతున్నా వదిలేసింది. ఆ నీళ్లలోనే హాయిగా ఉండే ప్లాటీ చేపలను తెచ్చింది. అవీ అన్నీ మగవే, ఎందుకంటే పిల్లలు పుడితే పెద్దవి మింగేస్తాయట. పైన పరుగులు తీయడానికి జీబ్రా చేపల గుంపు, అడుగున మేత ఏరుకోవడానికి మీసాల కోరీ చేపల గుంపు. బెదిరినవి దాక్కోవడానికి మొక్కలు.

నెలలు గడిచినా ఒక్క రెక్క చిరగలేదు. ఉమాదేవి జపమాల పట్టుకుని తొట్టి ఎదుటే కూర్చోవడం మొదలుపెట్టింది. జపం ఎంతవరకు సాగేదో దేవుడికే తెలియాలి. చేపల మేతలో ఉండేది ఎండు చేపల పొడేనని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అప్పుడొచ్చాడు మహేంద్ర. ఎమ్మిగనూరులో పెద్ద వ్యాపారి, జయరాంకు కావలసినవాడు. చేతిలో నీళ్ల సంచి, అందులో నుదుట బుడిపె ఉన్న ఎర్రటి ఫ్లవర్‌హార్న్ చేప. ఇది ఇంట్లో ఉంటే లక్ష్మి తాండవిస్తుందంటూ తొట్టిలో వదలబోయాడు. అది చిన్న చేపలను మింగే రకమని భాగ్యలక్ష్మికి తెలుసు. వదలనిస్తే తొట్టి పని అయిపోయినట్టే. వద్దంటే ఇంటికొచ్చిన మనిషిని అవమానించినట్టు. ఆమె లేచి తొట్టి మూత మీద చెయ్యి పెట్టింది.

"వద్దన్నా. దీన్ని ఏస్తే మావి మిగలవు."

జయరాం ముఖం మాడిపోయింది. కళ్లతోనే గద్దించాడు. ఆమె చెయ్యి తీయలేదు.

ఉమాదేవి జపమాల పక్కన పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని, ఆ సంచిని దగ్గరగా చూసింది.

"ఇది పెరిగితే ఎంతయితాదప్పా?"

"జానెడు పైనే పెద్దమ్మా" అన్నాడు మహేంద్ర గర్వంగా.

"మావి సిటికెన వేలంత గూడా లేవు. ఇది మంచి చేపే, కాదనను. మీ ఇంట్లోనే దీనికి వేరే తొట్టి పెట్టుకో నాయనా."

మహేంద్ర ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పెద్దగా నవ్వేశాడు. కాఫీ తాగుతూ, దీనికి ఎంత పెద్ద తొట్టి కావాలో భాగ్యలక్ష్మినే అడిగి తెలుసుకుని వెళ్లాడు.

అతడు గడప దాటాక జయరాం ఏదో అనబోయాడు. తల్లి అననివ్వలేదు.

"దాంట్లోకి ఏది రావాల్నో, ఏది రాకూడదో నా కోడలు సెప్తాది. నువ్వూ నేనూ ఇంటాం" అంది.

భాగ్యలక్ష్మికి గాల్లో తేలినట్టయింది. ఆ ఇంట్లో ఆమె మాటే చివరి మాట కావడం అదే మొదలు.